పై వీధి వంతు

“శాలువా కప్పే ముందు సభలో నేనొక్క ప్రశ్న అడుగుతాను. జవాబు చెబితే దండ నా చేత్తోనే వేస్తాను. చెప్పకపోతే మాత్రం ఆ శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టుకోండి.”

గణేశ్వరరావు గారు ఈ మాటలు అనేసి నూకయ్య ఇంటి మెట్లు దిగిపోతుండగా పోయినవారం మనం ఆగాం. ఈ వారమే కథలోకి వచ్చినవారి కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

నూకయ్య పోర్ట్‌బ్లెయిర్‌లో నీళ్ల డిపార్ట్‌మెంట్‌లో వాల్వులు తిప్పి రిటైరైన మనిషి. ఇక్కడ నీళ్లు రోజూ రావు, వీధికో వంతు. భుజాన వాల్వు తిప్పే ఇనప చాబీ వేసుకొని వచ్చి, ఏ వీధి వంతు ఆ వీధికి తిప్పేది అతనే. భూకంపం వచ్చిన ఏడాది డ్యామ్ నుంచి వచ్చే పెద్ద పైపు గుట్ట మీద పగిలితే, ఊరికి మళ్లీ నీళ్లందేదాకా ఇంటి ముఖం చూడకుండా ఆ గుట్ట మీదే పనిచేసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది అతనొక్కడే. అందుకే తెలుగు సేవా సమాజం ఏటా ఇచ్చే పైడిరాజు స్మారక పురస్కారం ఈసారి అతనికివ్వాలని సమాజం అధ్యక్షుడు రాజేంద్ర అందరినీ ఒప్పించాడు. ఇంతవరకూ అది డాక్టర్లకూ హెడ్మాస్టర్లకూ దక్కిన గౌరవం. పుచ్చుకున్నవాళ్లు స్మారకోపన్యాసం చెయ్యడం ఆనవాయితీ.

గణేశ్వరరావు గారి ప్రశ్న ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. భూకంపానికి ముందు, బాగా ఎండలు కాసిన ఒక వేసవిలో, డెలానీపూర్ పై వీధికి రావలసిన నీళ్లు ఒక వంతు రాలేదు. నూకయ్య వాటిని దిగువనున్న పల్లం వీధికి తిప్పేశాడు. పై వీధిలో ఉండే గణేశ్వరరావు గారు అప్పట్లో ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. ఆయనే ఫిర్యాదు పెట్టారు. “తిప్పింది నేనే” అన్నాడు నూకయ్య. ఎందుకంటే మాత్రం నోరు విప్పలేదు. చాబీ తీసేసుకుని అతన్ని గోతులు తవ్వే గ్యాంగులో వేశారు. భూకంపం తర్వాత చాబీ తిరిగొచ్చింది గాని పడ్డ పేరు పోలేదు. పల్లం వీధిలో ఎవరి దగ్గరో డబ్బు తిన్నాడని ‘నీళ్లమ్ముకున్నోడు’ అనే పేరు. ఆ పేరు అతనికంటే అతని భార్య అప్పలకొండమ్మనే ఎక్కువ కాల్చింది.

ఇక సభ రోజుకి వద్దాం.

ఆ ఆదివారం మధ్యాహ్నం ప్రోతరాపూర్‌లోని ఇంట్లో అప్పలకొండమ్మ నూకాలమ్మ పటానికి మందారాలు పెట్టి, దీపం వత్తి ఎగదోసింది. వెనక నూకయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బొత్తాలతో అవస్థపడుతున్నాడు.

“శ్రావణి నాన్నా, సివరిసారి అడగతన్నాను. నీళ్లు ఎవురికి తిప్పినావో తెలుసు. ఎందుకు తిప్పినావు?”

“సభలో అడగతారట గదా. నీకు ముందే సెప్తే లీకైపోద్ది.”

“నవ్వులాటగా ఉందేటి నీకు? రేషన్ లైన్లో ఇన్నాను. పిల్ల పెళ్లిలో వడ్డన కాడ ఇన్నాను. నీళ్లమ్ముకున్నోడి పెళ్లాం అని! ఎవురికి మాటిచ్చినావయ్యా, ఇంత కాలం నోరు కట్టీసుకున్నావు?”

“మనిసికి కాదే,” అన్నాడు నూకయ్య. అతని చూపు పటం మీద ఆగి, వెంటనే పక్కకి తప్పుకుంది.

అప్పలకొండమ్మకి అర్థం కాలేదు. కాని మనసులో ఏదో కలుక్కుమంది. ‘అమ్మా, నీకూ ఇతనికీ మధ్య నాకు తెలియని మాటేదైనా ఉందా?’ అనుకుంది. అమ్మవారిని ఇలా అడగొచ్చో లేదో ఆమెకు తెలియదు. అడిగాక లెంపలు వేసుకుంది. అడగడం మాత్రం మానలేదు.

ఇంతలో గుమ్మం ముందు స్కూటీ ఆగింది. కూతురు శ్రావణి లంబాలైన్‌లో కాపురం, ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. యూనిఫాం మార్చుకుని చీరలో వచ్చింది.

“పప్పా, స్పీచ్ రఖా క్యా?”

“జేబులో ఉందమ్మా.”

ఆ ఉపన్యాసం రాజేంద్ర మంచి తెలుగులో రాసిచ్చాడు. నూకయ్య చదివిన నాలుగు తరగతులూ హిందీలోనే. శ్రావణి దాన్ని వేరేవాళ్లతో చదివించుకుని హిందీ అక్షరాల్లో దించింది.

“ఇందులో ‘ద్వీపవాసుల దాహార్తి’ అనుంది. దాహార్తంటే ఏటమ్మా?”

“మాలూమ్ నహీ పప్పా. నీళ్లదే ఏదో అయ్యుంటుంది. చదివెయ్, బస్.”

స్కూటీ గుమ్మం ముందే ఉంచి ముగ్గురూ బస్సెక్కారు. 

సమాజం హాలు అప్పటికే నిండింది. డెలానీపూర్ నుంచి పై వీధివాళ్లు ముందు వరసల్లో, పల్లం వీధివాళ్లు వెనక బెంచీల మీద కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే అలా సర్దుకోవడం అలవాటు. తలుపు పక్కన నూకయ్య తర్వాత ఆ పనిలో చేరిన పైడిబాబు ఇనప చాబీ మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం పల్లం వీధి వంతు. సభ ముగియగానే పోయి తిప్పాలి.

“ఏం పానీ మావా!” వెనక బెంచీ నుంచి అసిరయ్య కేకేశాడు. పల్లం వీధిలో టీ కొట్టు అతనిది. “దండ పుచ్చుకోడానికొచ్చినావా, సీసాల్లో పోసి అమ్ముకోడానికొచ్చినావా?”

కొందరు నవ్వారు. నూకయ్యా నవ్వాడు. అప్పలకొండమ్మ తల దించుకుని కొంగు వేలికి చుట్టుకుంది.

ప్రార్థన అయింది. రాజేంద్ర నాలుగు మాటలు చెప్పి, పళ్లెంలోంచి శాలువా తీశాడు. అప్పుడే గణేశ్వరరావు గారు లేచారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, నిటారుగా నడక. మైకు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారు.

“నాకు ఈయన మీద పగలేదు. భూకంపం నాడు ఈయన చేసిన సేవ నేను కాదనను. కాని పైడిరాజు గారి పేరు మీద ఇచ్చే గౌరవం ఇది. మచ్చ ఉన్న చేతికి ఇవ్వకూడదు. నూకయ్యా, ఆ రోజు మా వీధి నీళ్లు నువ్వే తిప్పావా?”

“తిప్పింది నేనే సార్.”

“అది అప్పుడూ చెప్పావు. ఎందుకు తిప్పావు?”

“సెప్పకూడదండి.”

“డబ్బు తీసుకున్నావా?”

“లేదండి.”

“మరి చెప్పడానికేం? పదిమందిలో అడుగుతున్నాను. చెబితే నీకే మంచిది.”

నూకయ్య చొక్కా జేబులో ఉన్న ఉపన్యాసం కాగితాన్ని అరచేత్తో అదిమిపట్టి నిలబడ్డాడు. హాల్లో గుసగుసలు మొదలై, పెరిగి, గోలగా మారాయి. రాజేంద్ర శాలువా పట్టుకుని ఎటూ కదలలేకపోయాడు. “డబ్బే తిన్నాడని నాకు ముందే తెల్సు గదా” అని ఎవరో అన్నారు.

అప్పలకొండమ్మ కళ్లు మూసుకుంది. ‘తల్లీ, నీ పేరు పెట్టుకున్న మనిషి. నీ జాతరకి ఏటా తలనీలాలిచ్చిన మనిషి. ఏదో నీకోసమే దాస్తన్నాడు. అది దాచమని నువ్వే సెప్పినావా? సెప్పుంటే, ఇంకెన్నాళ్లు? సెప్పకపోతే, ఎవురు సెప్పినారు?’

“ఆయన చెప్పడు. నేను చెప్తాను.”

ఆడగొంతు. ముందు వరసలోంచి. అప్పలకొండమ్మ కళ్లు తెరిచేసరికి గణేశ్వరరావు గారి భార్య శ్రీలక్ష్మి నిలబడి ఉంది. ఏ సభలోనూ ఆమె నోరెత్తగా ఎవరూ వినలేదు. భర్త మాట్లాడుతున్నప్పుడు లేవడం అసలే చూడలేదు.

“కూర్చో శ్రీలక్ష్మీ,” అన్నారు ఆయన మైకులోనే.

“కూర్చునే ఇన్నేళ్లు గడిపాను. కాసేపు మీరు కూర్చోండి.”

 ఆమె మైకు దగ్గరికి రాలేదు. ఉన్నచోటు నుంచే వెనక బెంచీల వైపు తిరిగింది.

“ఆ వేసవిలో పల్లం వీధిలో పిల్లలందరికీ అమ్మవారు పోసింది. ఒంటినిండా పొక్కులు. మీకు గుర్తుండే ఉంటుంది.”

వెనక వరసల్లో ముసలాళ్లు తలలూపారు.

“పొక్కులు మాడాయి. వేపాకూ పసుపూ వేసి నీళ్లు పోస్తేగాని అమ్మ ఇల్లు దాటి వెళ్లదు. ఆ నీళ్లు పోసే రోజు ఆదివారం పడింది. ఆదివారం మా పై వీధి వంతు. మీ వీధిలో బిందెడు నీళ్లు లేవు. శనివారం మధ్యాహ్నం, మగవాళ్లంతా ఆఫీసుల్లో ఉన్నప్పుడు, నూకయ్య మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ‘అమ్మా, మీ వంతు అమ్మవారికి ఇస్తారా?’ అని అడిగాడు. ఇస్తామన్నాను. పక్కింటికెళ్లాడు. ఆ పక్కింటికెళ్లాడు. వీధిలో ప్రతి గుమ్మం తొక్కాడు. ఒక్కరు కాదన్నా తిప్పనన్నాడు. ఎవరూ కాదనలేదు. మేమే ఇచ్చాం, ఆయన తిప్పాడు. అంతే జరిగింది.”

“మరి... మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు?” గణేశ్వరరావు గారు మైకు వదిలి ఒక అడుగు ముందుకేశారు.

“అమ్మవారికి ఇచ్చింది పైకి చెప్పుకోకూడదని మా అత్తగారు, అంటే మీ అమ్మగారే అన్నారు. చెప్పుకుంటే ఆ పిల్లలకు మళ్లీ పోస్తుందని భయపెట్టారు. ఆడవాళ్లందరం అమ్మ మీద ఒట్టేసుకున్నాం. నూకయ్య చేతా వేయించాం. తెల్లారి నీళ్లు రాకపోతే మీరు కోపంతో ఊగిపోయారు. నేను వంటింట్లో నిలబడి విన్నాను.”

“ముందే నన్ను అడగొచ్చు కదా! నేను కాదంటానా?”

“మీరా? అప్లికేషన్ పెట్టుకోమనేవారు.”

నవ్వు ముందు ఒక మూల మొదలై హాలంతా పాకింది. గణేశ్వరరావు గారి పెదవులు కూడా ఒక్క క్షణం కదిలాయి. శ్రీలక్ష్మి మాత్రం నవ్వలేదు.

“ఈయన్ని గోతుల్లోకి దింపినప్పుడే నేను చెప్పాల్సింది. ఒట్టుకు భయపడ్డాను. ఇవాళ ఈ మనిషి మళ్లీ అలాగే నోరు మూసుకుని నిలబడితే ఒకటే అనిపించింది. అమ్మ నీళ్లడిగింది నిజమే. ఈయన పరువు కూడా అడిగిందా? అడగలేదు. అది మేం కలిపి ఇచ్చేశాం. మాది కానిదాన్ని మేమెలా ఇచ్చాం?”

పై వీధి వరసల్లో ఒక బెంగాలీ ముసలావిడ కర్ర ఊతం పట్టుకుని లేచింది. “హమ్ భీ దియా,” అంది, తనూ ఇచ్చానని. ఆమె పక్కనున్న ఒక తమిళావిడ లేచింది. వెనకే ఇంకో ఇద్దరు తెలుగువాళ్లు. ఆ వీధిలో అప్పటి కోడళ్లందరూ ఇప్పుడు నెరసిన తలలతో నిలబడ్డారు. పక్కన కూర్చున్న మొగుళ్లు నోళ్లు తెరుచుకుని వాళ్లకేసి చూశారు.

అప్పలకొండమ్మకి కన్నీళ్లు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఇంతమందికి తెలుసు! రేషన్ లైన్లో తనకు ముందూ వెనకా నిలబడ్డవాళ్లే! ఆ కోపం గొంతుదాకా వచ్చింది. కాని వేదిక మీద మొగుడి ముఖం చూసింది. గోతులు తవ్వే రోజుల్లో ఒంటినిండా మట్టితో ఇంటికొచ్చి, భారమంతా ఆ మట్టిలోనే ఉన్నట్టు కడుక్కుని, అన్నం తిని పడుకునేవాడు. ఆ ముఖం ఇవాళ నిజంగా కడుక్కున్నట్టుంది. కోపం ఎటు పోయిందో పోయింది. ఆమె లేచి, ఎవరూ పిలవకుండానే, వేదిక మెట్లెక్కింది.

గణేశ్వరరావు గారు దండ తీశారు.

“మైకు ఇటు పెట్టండి,” అన్నారు. “ఆ ఫిర్యాదు నా గదిలో కూర్చుని చేశాను. ఇది మాత్రం అందరూ వినాలి. నూకయ్యా, నాది తప్పు. అమ్మా అప్పలకొండమ్మా, నీకూ చెబుతున్నాను. నాది తప్పు.”

“అయ్యో బాబూ, పెద్దోరు...” అని నూకయ్య వెనక్కి జరిగాడు.

“నువ్వుండు,” అంది అప్పలకొండమ్మ. “ఆయన్ని సెప్పనీ. ఇనడానికే వొచ్చినాను.”

హాలు దద్దరిల్లింది. నూకయ్య మెడలో దండ పడింది. రాజేంద్ర శాలువా కప్పాడు. చప్పట్లు ఆగుతాయేమోనని చూస్తే ఆగలేదు. అందరికంటే గట్టిగా కొడుతున్నది అసిరయ్యే. “పానీ మావా! రేపట్నుంచి టీ ఊరికే!” అని అరిచి, నాలిక కరుచుకుని, “ఒక్క కప్పు!” అన్నాడు.

ఉపన్యాసం వేళయింది. నూకయ్య కాగితం విప్పాడు, చూశాడు, మడిచి మళ్లీ జేబులో పెట్టాడు. శ్రావణి నుదురు కొట్టుకుంది.

“ఇందులో గొప్పగా రాసినారండి. నాకు నోరు తిరగదు. నాకు తెలిసింది సెప్తాను. వాల్వు డిపార్ట్‌మెంట్‌ది. చాబీ డిపార్ట్‌మెంట్‌ది. వంతు మాత్రం వీధిది. ఆ వంతు ఇంకోడికియ్యాలంటే ఆ వీధే ఇయ్యాల. నేనెవుర్ని? అందుకే గుమ్మం గుమ్మం కాడికీ ఎల్లినాను. ఆ రోజు ఏ ఇంట్లోనూ ఆళ్లది ఏ కులమని అడగలేదు, ఏ బాష అని అడగలేదు. పిల్లలెలాగున్నారనే అడిగినారు. సన్మానం నాకు సేసినారు. దండాలు. కాని ఇచ్చినోళ్లు ఆ వీధి ఆడోళ్లు. నేను తిప్పినాను, అంతే.”

శాలువా అంచు తీసి కళ్లకద్దుకున్నాడు. స్మారకోపన్యాసాల్లో అంత చిన్నది అదేనని తర్వాత రాజేంద్ర అన్నాడు. ఆ క్షణంలో మాత్రం ఎవరికీ అది చిన్నదనిపించలేదు.

వెనక బెంచీల దగ్గర ఏదో కలకలం. పల్లం వీధి ఆడవాళ్లు తలలు దగ్గర చేర్చి గబగబా మాట్లాడుకుంటున్నారు. తర్వాత మంజు అనే అమ్మాయి లేచింది. కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతోంది, ఆ వేసవి పిల్లల్లో ఒకతె. చెంప మీద చిన్న పొక్కు మచ్చ ఇంకా ఉంది.

“మా అమ్మ ఆ నీళ్లు అమ్మవారే పంపిందని సెప్పింది. ఎవరి ద్వారా పంపిందో ఇవాళే తెలిసింది,” అంది. “పైడిబాబు భయ్యా, ఈ సాయంత్రం ఎవరి వంతు?”

“మీదే దీదీ.”

“పై వీధిలో ఎలాగుంది?”

“వాళ్లకి ఎల్లుండిదాకా లేదు. సూఖా. బిందెలు ఎండిపోయాయి.”

“మా వంతు వాళ్లకి తిప్పు. ఇంటింటికీ అడిగీసినాం. అందరం ఇక్కడే ఉన్నాం గదా.”

“మెమో ఎవరు తింటారు దీదీ?” అన్నాడు పైడిబాబు. అంటూనే లేచి, ఆ ఇనప చాబీని రెండు చేతుల్తో నూకయ్య ముందుకు తెచ్చాడు. “నేను పక్కన పట్టుకుంటాను మావా. ఈ ఒక్కసారికి నువ్వు తిప్పు.”

నూకయ్య భార్య వైపు చూశాడు. అప్పలకొండమ్మ అతని భుజం మీది శాలువా సర్ది, చాబీకి చోటిచ్చింది.

సభంతా రోడ్డెక్కింది. డెలానీపూర్ ఎత్తు మీదికి ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక. ఎవరో వేపకొమ్మ విరిచి చాబీకి కట్టారు. వాల్వు గుంత మూత తీశారు. నూకయ్య దండ తీసి అప్పలకొండమ్మ చేతికిచ్చి, వంగి, చాబీ దించి, పైడిబాబుతో కలిసి తిప్పాడు. అడుగున ఎక్కడో గుర్రుమని చప్పుడైంది. కాసేపటికి పై వీధి చివర ఇంట్లో ఒక ఖాళీ బిందె మోగడం మొదలుపెట్టింది. ఆ వెనకే ఇంకోటి. “ఆయా! పానీ ఆయా!” అని మేడ మీంచి ఎవరో అరిచారు.

అప్పుడే డిపార్ట్‌మెంట్ జీపు వచ్చి గుంత పక్కన ఆగింది.

కుర్ర ఆఫీసరు దిగాడు. గుంతలోకి చూశాడు, చాబీ పట్టుకున్న చేతులకేసి చూశాడు. “రిటైర్డ్ ఆద్మీ వాల్వు తిప్పుతున్నాడా? వంతు కూడా మార్చారా? కిస్కా ఆర్డర్ హై?”

 పైడిబాబు చప్పున చాబీ వదిలేశాడు. నూకయ్య చాబీ వదలకుండా, అలవాటైన ఆ మాటే చెప్పడానికి నోరు తెరిచాడు.

“తిప్పింది...”

“ఆగు నూకయ్యా.” జనాన్ని తోసుకుంటూ గణేశ్వరరావు గారు ముందుకొచ్చారు. ఎత్తు ఎక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. జేబులోంచి పెన్ను తీసి ఆఫీసరు ముందు పట్టుకున్నారు. “ఫిర్యాదు రాసుకుంటావా బాబూ? రాసుకో. మొదటి పేరు నాది. స్పెల్లింగ్ నేను చెప్తాను.”

ఆఫీసరు ఆయన్నీ, వెనక నిలబడ్డ రెండు వీధుల జనాన్నీ చూసి ఒక్క నిమిషం తటపటాయించాడు. “మిగతావాళ్ల సంగతి రేపు చూస్తాను. ఈ రిటైర్డ్ మనిషి మాత్రం ఇప్పుడే నాతో ఆఫీసుకి రావాలి. పెద్దసారు అక్కడే ఉన్నారు.”

నూకయ్య చాబీ పైడిబాబుకి ఇచ్చి, చేతులు దులుపుకున్నాడు. తిరిగి చూసేసరికి జీపులో ముందు సీటు నిండి ఉంది. దండ ఒళ్లో పెట్టుకుని, కొంగు నిండుగా కప్పుకుని, అప్పలకొండమ్మ కూర్చుని ఉంది.

“మీరెక్కడికమ్మా?” అన్నాడు ఆఫీసరు.

“అప్పుడు ఫిర్యాదు పెట్టినప్పుడు ఒక్కడే వొచ్చినాడు బాబూ. ఏటడిగినారో, ఏటన్నారో నాకు తెలీదు. ఈసారి నేను ఇంటాను. బండి తియ్యి.”

వెనక సీటు తలుపు తీసుకుని శ్రీలక్ష్మి ఎక్కింది. ఆమె వెనకే, పెన్ను ఇంకా చేతిలోనే పట్టుకుని, గణేశ్వరరావు గారు.